గడ్డలో దాగిన పువ్వు

మట్టి లేదు. నీళ్ళు లేవు. వేళ్ళు కూడా లేవు. బల్ల మీద మైనపు పూత పూసిన ఒక గడ్డ మాత్రం ఉంది. చూడడానికి పెద్ద ఉల్లిగడ్డలా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే కొద్ది వారాల్లో పైకొన నుంచి పచ్చని కాడ ఒకటి పొడుచుకువస్తుంది. మూరెడు ఎత్తు పెరుగుతుంది. దాని చివర మన అరచేతికంటే వెడల్పయిన ఎర్రని పూలు మూడో నాలుగో విచ్చుకుంటాయి.

ఇది గారడీ కాదు. ఐరోపా, అమెరికా దేశాల్లో క్రిస్మస్ రోజుల్లో ఇలాంటి గడ్డలను దుకాణాల్లో అమ్ముతారు. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు వీటిని చూసే ఉంటారు. అమ్మే ముందు వేళ్ళు కత్తిరించి, గడ్డను కరిగిన మైనంలో ముంచి తీస్తారు. మైనం లోపలి తేమను బయటికి పోనివ్వదు. ఈ గడ్డ పేరు అమరిల్లిస్.

ఇక్కడ మీకొక సందేహం రావాలి. మొక్క పెరగాలంటే నీరు, గాలి, వెలుతురు, నేలలోని లవణాలు కావాలని మనం పాఠాల్లో చదువుకున్నాం గదా! మరి ఈ కాడ, ఈ పూలు ఎక్కడి నుంచి వచ్చాయి? అవి కొత్తగా పుట్టలేదు. మైనంలో ముంచేనాటికే మొగ్గ గడ్డలో ఉంది. ఆ మొగ్గ సాగి పైకి రావడానికి కావలసిన నీరు, పిండిపదార్థం కూడా గడ్డలోనే ఉన్నాయి. గాదెలో గింజలున్నంతకాలం బయట పంట లేకపోయినా ఇల్లు గడుస్తుంది. ఇదీ అటువంటిదే.

కాని గాదె ఖాళీ అయ్యాక? మైనపు గడ్డను పూలు వాడగానే చాలామంది చెత్తబుట్టలో పారేస్తారు. కుండీలో నాటిన గడ్డ గతి కూడా ఎన్నో ఇళ్ళలో ఇంచుమించు ఇంతే. మొదటి ఏడు కన్నులపండువగా పూస్తుంది. రెండో ఏడు ఆకులు వస్తాయి, పువ్వు రాదు. మూడో ఏడు ఆకులు కూడా సన్నబడతాయి. దీని ఆయుష్షు ఇంతేనని సరిపెట్టుకుంటారు. నిజానికి బాగా చూసుకున్న అమరిల్లిస్ గడ్డ దశాబ్దాల తరబడి బతుకుతుంది. ఏటా పూస్తుంది కూడా. పూయడం మానేసిందంటే అది ఆకలితో ఉందన్నమాట. ఆ ఆకలి ఎలా వస్తుందో తెలుసుకుంటే దాన్ని తీర్చడం కష్టం కాదు.

ఒక పేరు, ఇద్దరు సొంతదారులు

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. మన పెరళ్ళలో, బడితోటల్లో ఎండలు ముదిరే రోజుల్లో బోలు కాడ మీద గరాటుల్లాంటి ఎర్రని పూలు పూసే మొక్క ఒకటి ఉంటుంది. దాన్ని చాలామంది లిల్లీ అనేస్తారు. పూలకొట్టుకు వెళ్ళి లిల్లీ అని అడిగితే మాత్రం తెల్లని నేలసంపెంగలు చేతిలో పెడతారు! వృక్షశాస్త్రం ప్రకారం ఈ రెండూ అసలు లిల్లీలు కావు.

శాస్త్రజ్ఞులు కూడా ఈ మొక్క పేరు దగ్గర చాలాకాలం తగవులాడుకున్నారు. అమరిల్లిస్ అనేది ప్రాచీన రోమన్ కవి వర్జిల్ కావ్యంలో కనిపించే ఒక గొల్లపడుచు పేరు. స్వీడన్ దేశస్థుడు లిన్నేయస్ 1753లో ఆ పేరును మొక్కకు ఖాయం చేశాడు. అయితే ఆయన పేరు పెట్టింది దక్షిణాఫ్రికా మొక్కకా, దాన్ని పోలిన దక్షిణ అమెరికా మొక్కకా అన్నది తరువాతివారికి తేలలేదు. 1821లో విలియం హెర్బర్ట్ అనే ఇంగ్లీషు మతాచార్యుడు దక్షిణ అమెరికా మొక్కలను వేరుచేసి వాటిని హిప్పియాస్ట్రం అన్నాడు. గ్రీకు భాషలో దీనికి రౌతు నక్షత్రం అని అర్థం చెప్పుకోవచ్చు. చివరికి 1987లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభలో అమరిల్లిస్ అనే పేరు ఆఫ్రికా మొక్కకే చెందుతుందని తీర్మానించారు.

తీర్మానం ఏమైనా, గడ్డలు అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ తమ అలవాటు మానుకోలేదు. కుండీలో పెంచే హిప్పియాస్ట్రాన్ని నేటికీ అమరిల్లిస్ అనే పిలుస్తున్నారు. మనం కూడా ఈ వ్యాసంలో ఆ వాడుక పేరే ఉంచుకుందాం. రెండింటికీ తేడా తెలుసుకోవాలంటే కాడను అడ్డంగా కోసి చూడండి. ఆఫ్రికా మొక్క కాడ గట్టిగా నిండుగా ఉంటుంది. మన కుండీలోని మొక్క కాడ వెదురుగొట్టంలా బోలుగా ఉంటుంది.

ఉల్లిపాయను కోసి చూడండి

అమరిల్లిస్ గడ్డను కోస్తే గడ్డ పాడవుతుంది. కాబట్టి వంటింట్లోని ఉల్లిపాయతో పని కానిద్దాం. ఇది ఊరికే చెప్పిన పోలిక కాదు. ఇప్పటి వర్గీకరణలో ఉల్లి, వెల్లుల్లి, అమరిల్లిస్ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు.

ఉల్లిపాయను పైనుంచి కిందికి నిలువుగా రెండు చెక్కలు చేయండి. అడుగున గట్టిగా, పలచని బిళ్ళలా ఒక భాగం కనిపిస్తుంది. అమ్మ కూర తరిగేటప్పుడు కోసి అవతల పారేసే భాగం అదే. మొక్కకు అదే అసలైన కాండం! వేళ్ళు దాని కింది నుంచి పుడతాయి. పొరలన్నీ దాని పైనుంచి లేస్తాయి. మనం తినే ఆ పొరలు ఆకుల అడుగుభాగాలు. ఆకు పైభాగం ఎండలో ఆహారం తయారు చేస్తే, అడుగుభాగం ఆ ఆహారాన్ని దాచుకుని లావెక్కుతుంది. ఇక నడుమ, పొరలన్నిటి మధ్య, లేతపచ్చగా ఒక మొగ్గ ఉంటుంది. ఇలాంటి నిర్మాణాన్నే మీ వృక్షశాస్త్ర పాఠంలో లశునం అన్నారు.

అమరిల్లిస్ గడ్డ కూడా ఇలాగే ఉంటుంది. అయితే ఒక హెచ్చరిక. దానిలో లైకోరిన్ అనే విషపదార్థం ఉంది. తింటే వాంతులు, కడుపునొప్పి వస్తాయి. కుక్కలకూ పిల్లులకూ కూడా అది హాని చేస్తుంది. విశ్రాంతిలో ఉన్న గడ్డను ఎంతమాత్రం ఉల్లిపాయల బుట్ట దగ్గర ఉంచకండి. గడ్డను ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

నాలుగు ఆకులకు ఒక పూగుత్తి

అమరిల్లిస్ పూసినప్పుడు జాగ్రత్తగా చూస్తే ఒక వింత కనిపిస్తుంది. పూకాడ ఆకుల గుంపు నట్టనడుమ నుంచి రాదు. ఒక పక్క నుంచి వస్తుంది. ఎందుకని?

గడ్డ లోపల, ఆ బిళ్ళ నడుమ, పెరిగే కొన ఒకటి ఉంటుంది. అది ఒకదాని తరువాత ఒకటిగా నాలుగు ఆకులను పుట్టిస్తుంది. ఆ తరువాత తానే పూగుత్తి మొగ్గగా మారిపోతుంది. దానితో ఆ కొన పని ముగిసింది. అప్పుడు దాని పక్కనే మరో మొగ్గ పెరుగుదల బాధ్యతను అందుకుంటుంది. అదీ నాలుగు ఆకులను పుట్టించి, పూమొగ్గగా మారి, పనిని ఇంకో మొగ్గకు అప్పగిస్తుంది. గడ్డ బతికున్నంతకాలం ఈ వరస సాగుతూనే ఉంటుంది. నాలుగు ఆకులు, ఒక పూగుత్తి. మళ్ళీ నాలుగు ఆకులు, ఒక పూగుత్తి.

పుట్టిన పూమొగ్గ వెంటనే బయటికి రాదు. అది బియ్యపుగింజకంటే చిన్నదిగా ఉన్నప్పటి నుంచి విచ్చుకునేదాకా దాదాపు ఏడాది పడుతుంది. ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. ఈలోగా నడుమ కొత్త ఆకులు పుట్టి దాన్ని పక్కకు నెట్టేస్తాయి. అందుకే కాడ పక్క నుంచి వస్తుంది. ఈ ఏడు మీరు చూసే పువ్వు నిరుటిదన్నమాట. వచ్చే ఏటి పువ్వు ఈపాటికే గడ్డలో ఎక్కడో పొరల మధ్య ఉంది.

అది పైకి వస్తుందా రాదా అన్నది గడ్డలో నిలవ ఉన్న ఆహారాన్ని బట్టి ఉంటుంది. నిలవ చాలకపోతే గడ్డ ఆ మొగ్గను పోషించలేదు. అది లోపలే ఎండిపోతుంది. బాగా చిక్కిపోయిన గడ్డను కోస్తే పొరల మధ్య ఇలా ఎండిన మొగ్గలు కాగితం పీలికల్లా కనిపిస్తాయి. కుండీ యజమానికి మాత్రం ఆకులే కనిపిస్తాయి. ఈ ఏడు పువ్వు రాలేదని అతడు అనుకుంటాడు. పువ్వు వచ్చింది, లోపలే చచ్చిపోయింది.

దీన్ని మీరు స్వయంగా తేల్చుకోవచ్చు. కాడ తల ఎత్తగానే గడ్డ నడుం చుట్టూ దారం చుట్టి కొలవండి. పూలు వాడాక మళ్ళీ కొలవండి. గడ్డ చేతికి మెత్తగా తగులుతుంది, చుట్టుకొలత కూడా తగ్గుతుంది. ఆ తరువాత నాలుగైదు నెలలు ఆకులు ఎండలో పెరిగాక మూడోసారి కొలవండి. ఈ మూడు అంకెలూ తేదీలతో సహా నోటుపుస్తకంలో రాసుకుంటే గడ్డ ఖర్చు ఎంతో, సంపాదన ఎంతో మీకే తెలుస్తుంది. మూడో అంకె మొదటిదానికంటే పెద్దదయితే వచ్చే ఏటి పువ్వుకు మంచి ఆశ ఉన్నట్లే.

పూలు వాడాక అసలు పని

ఇళ్ళలో పొరపాటు జరిగేది ఇక్కడే. పూలున్నంతకాలం కుండీని ముందుగదిలో పెట్టి అందరికీ చూపిస్తారు. పూలు రాలగానే దాన్ని మెట్ల కిందికో, పెరటి మూలకో చేరుస్తారు. పొడుగాటి ఆకులు వంగి అందవికారంగా ఉన్నాయని కొందరు కత్తిరించేస్తారు. గడ్డ పూర్తిగా ఖాళీ అయి ఉన్న సమయంలో దాని సంపాదన మార్గాన్ని మూసివేయడం ఇది.

పూలు వాడాక వాటిని మాత్రం తుంచివేయండి. పూరేకుల వెనుక ఆకుపచ్చగా ఉబ్బిన అండాశయాన్ని కూడా తీసేయండి. లేకపోతే గడ్డ తన మిగిలిన ఆహారాన్ని విత్తనాల మీద ఖర్చు పెడుతుంది. పూకాడను మాత్రం వెంటనే కోయకండి. అది ఆకుపచ్చగా ఉన్నంతకాలం ఆకులాగే కిరణజన్య సంయోగక్రియ జరుపుతుంది. పసుపుబారాక తీసేస్తే చాలు.

ఇక వెలుతురు. గది మన కళ్ళకు కాంతివంతంగా కనిపించవచ్చు గాని, ఈ విషయంలో మన కళ్ళను నమ్మకూడదు. వెలుతురు తగ్గినకొద్దీ కంటిపాప పెద్దదవుతుంది, కన్ను సర్దుకుంటుంది. అందువల్ల తేడా మనకు పెద్దగా తెలియదు. కొలిచి చూస్తే మిట్టమధ్యాహ్నపు ఎండ సుమారు 1,00,000 లక్సులుంటుంది. మామూలు గది లోపల 100 నుంచి 500 లక్సులకు మించదు. అంటే ఆరుబయట రూపాయి సంపాదించే ఆకు గది మూలన అర్ధపైసా కూడా సంపాదించలేదన్నమాట! ఆకు పట్టుకోగల వెలుతురుకూ ఒక హద్దు ఉంటుంది కాబట్టి లెక్క అచ్చంగా ఇలాగే ఉండదు గాని, తేడా చాలా పెద్దదన్నది నిజం.

కాబట్టి ఇంట్లో పెంచేవారు కుండీని ఎండ నేరుగా పడే కిటికీ గట్టు మీదనే పెట్టాలి. మేడ ఇళ్ళలో ఉండేవారికి వసారా చివర చాలా మంచిచోటు. మన ప్రాంతంలో ఉదయపు ఎండ నాలుగైదు గంటలు తగిలితే హాయిగా పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నపు ఎండ మాత్రం ఆకులను మాడ్చివేస్తుంది. ఆ రెండు నెలలూ కొంచెం నీడ కావాలి. గదిలో నుంచి ఒక్కసారిగా ఎండలోకి తెచ్చినా ఆకులు కమిలిపోతాయి. పదిరోజుల పాటు కొద్దికొద్దిగా అలవాటు చేయండి.

నీళ్ళు పైమట్టి ఆరాకనే పోయాలి. గడ్డ మెడలో నీళ్ళు నిలిస్తే కుళ్ళుతుంది. ఎరువు విషయంలో కూడా నిదానం మంచిది. మూడు వారాలకొకసారి బాగా చివికిన పశువుల ఎరువు పిడికెడు చాలు. ఏడాదికొకసారి ఎముకలపొడి ఒక చెంచాడు వేయవచ్చు. యూరియా చల్లితే ఆకులు ఏపుగా వస్తాయి, చూడ్డానికి సంతోషంగా ఉంటుంది. కాని నత్రజని మితిమీరితే పువ్వుకు మేలు జరగదు, గడ్డకు కుళ్ళు తగిలే ప్రమాదం కూడా పెరుగుతుంది.

నిద్ర దేనికి?

చలిదేశాల తోటమాలులు శరదృతువులో నీళ్ళు తగ్గించి, ఆకులు ఎండాక గడ్డను 10 నుంచి 13 డిగ్రీల చల్లని చోట ఎనిమిది పది వారాలు ఉంచుతారు. తరువాత వెచ్చని గదిలోకి తెచ్చి నీళ్ళు పోస్తారు. చాలామంది దాన్ని నేలమాళిగలోనో అలమరలోనో పెడతారు కాబట్టి, పువ్వు రావాలంటే చీకటి కావాలనే నమ్మకం ఒకటి బయలుదేరింది. చీకటితో దానికి పని లేదు. పగలు పొడుగా పొట్టా అన్నదానితో కూడా పని లేదు. చామంతికి పూత పట్టాలంటే రాత్రులు పొడుగవ్వాలి. అమరిల్లిస్‌కు ఆ నియమం లేదు. ఆకులు పెరుగుతున్నంతకాలం నాలుగింటికొకటి చొప్పున పూమొగ్గ పుడుతూనే ఉంటుంది.

మరి ఈ విశ్రాంతి ఎందుకు? హిప్పియాస్ట్రం ప్రజాతికి చెందిన జాతులు బ్రెజిల్, పెరూ, బొలీవియా వంటి దేశాలవి. వాటిలో చాలావాటికి వానాకాలం, పొడికాలం మారిమారి వస్తాయి. పొడికాలంలో ఆకులు రాలిపోతాయి, కొత్త ఆకుల పెరుగుదల ఆగుతుంది. లోపల సిద్ధంగా ఉన్న పూమొగ్గలు మాత్రం మెల్లగా ముదురుతూ ఉంటాయి. మళ్ళీ తడి తగలగానే అన్నీ ఒక్కసారి లేస్తాయి. విశ్రాంతి పువ్వును పుట్టించదు, పూతను ఒక వేళకు తెస్తుంది.

తులిప్‌తో పోల్చి చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. తులిప్ గడ్డకు నెలల తరబడి గట్టి చలి తగలకపోతే కాడ సరిగా సాగదు. అందుకే శ్రీనగర్‌లో తులిప్ తోట ఉంది గాని విజయవాడలో లేదు. అమరిల్లిస్‌కు అంత చలి అక్కరలేదు సరికదా, మంచు గడ్డకడితే చచ్చిపోతుంది. హాలండులో దీన్ని గాజు ఇళ్ళలో వెచ్చగా ఉంచి పెంచడానికీ, మన పెరట్లో ఆరుబయటే పెరగడానికీ కారణం ఇదే.

మనకు ప్రకృతి ఈ పనిని తేలిక చేసింది. జూన్ నుంచి వానలు, ఆకులు. నవంబరు వచ్చేసరికి వానలు తగ్గుతాయి. అప్పటి నుంచి నీళ్ళు క్రమంగా తగ్గించి, డిసెంబరు, జనవరి నెలల్లో దాదాపు మానేయండి. హైదరాబాదు వంటి చోట్ల ఆ రాత్రులు 15 డిగ్రీల దరిదాపుకు దిగుతాయి. కోస్తాలో అంత చలి ఉండదు, అక్కడ ఆకులు పూర్తిగా ఎండకపోవచ్చు. ఫరవాలేదు, పచ్చగా ఉన్న ఆకులను బలవంతంగా కోయకండి. కుండీ మాత్రం పొడిగా ఉంచండి.

ఫిబ్రవరిలో పైన ఒక అంగుళం పాత మట్టి తీసి, ఇసుక, చివికిన ఎరువు కలిపిన కొత్త మట్టి వేయండి. కొత్తగా నాటేవారు గడ్డకంటే చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు మాత్రమే ఎక్కువ ఉన్న బరువైన కుండీ తీసుకోవాలి. తేలిక కుండీ అయితే పూల బరువుకు పక్కకు ఒరిగిపోతుంది. గడ్డలో మూడోవంతు మట్టి పైన కనబడాలి. మొదట ఒకసారి తడిపి, మొలక కనిపించేదాకా నీళ్ళు చాలా పొదుపుగా పోయండి. మొలక కొన మొద్దుగా, రెండు అరచేతులు జోడించినట్లుంటే అది పూకాడ. చదునుగా, నాలుకలా ఉంటే ఆకు. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పూలు విచ్చుకుంటాయి. కిటికీలో ఉన్న కాడ వెలుతురు వైపు వంగుతుంది. కుండీని రోజూ కొంచెం తిప్పుతుంటే నిటారుగా నిలుస్తుంది.

ఇంత చేసినా పూయకపోతే?

దారం మళ్ళీ బయటికి తీయండి. చుట్టుకొలత 20 సెంటీమీటర్లకు తక్కువ ఉన్న గడ్డ సాధారణంగా పూయదు. పూతకు వచ్చే శక్తి దానికింకా లేదు. వ్యాపారులు కూడా గడ్డలను చుట్టుకొలతను బట్టే ధర కడతారు. 34 సెంటీమీటర్ల గడ్డ అంటే వ్యాసం ఎంతో 22/7 తో భాగించి చూడండి. సుమారు 11 సెంటీమీటర్లు వస్తుంది. అంత గడ్డ రెండు మూడు కాడలు వేయగలదు.

గడ్డ చుట్టూ పిల్లగడ్డలు గుంపుగా పుట్టి కుండీ నిండిపోయి ఉండవచ్చు. వాటిని వేళ్ళతో సహా మెల్లగా విడదీసి వేరే నాటాలి. ఆకుల మీద, కాడల మీద ఎర్రని చారలు, మచ్చలు కనిపిస్తే అది శిలీంధ్రపు తెగులు. తెగులు తగిలిన ఆకులను తీసేసి, మీద నీళ్ళు పడకుండా చూడండి. వానాకాలంలో నల్లని ఒంటి మీద తెలుపు, ఎరుపు చుక్కలున్న గొంగళిపురుగులు వస్తే ఆలస్యం చేయకండి. రెండు రోజుల్లో ఆకులన్నీ తినేస్తాయి. ఆకులు పోతే ఏమవుతుందో మీకు వేరే చెప్పక్కరలేదు. పుల్లతో ఏరిపారేయడమే అన్నిటికంటే మంచి మందు.

గడియారాల పనివాడి పూలు

గడ్డ బలంగా ఉండి రెండు కాడలు వేస్తే, ఒక కాడ మీది ఒక్క పువ్వును విత్తనానికి వదలవచ్చు. అమరిల్లిస్ పువ్వు ప్రయోగానికి చాలా అనువైనది. భాగాలన్నీ పెద్దవి. ఆరు కేసరాలు ముందుగా పుప్పొడిని విడుదల చేస్తాయి. అప్పటికి కీలాగ్రం సిద్ధంగా ఉండదు. రెండు మూడు రోజుల తరువాత అది మూడు చీలికలుగా విచ్చుకుంటుంది. అప్పుడు మరో రంగు పువ్వు నుంచి తెచ్చిన పుప్పొడిని చిన్న కుంచెతో దాని మీద అద్దాలి.

సరిగ్గా ఈ పనినే ఇంగ్లండులోని లంకషైర్ ప్రాంతంలో ఆర్థర్ జాన్సన్ అనే గడియారాల పనివాడు 1799లో చేశాడు. రెండు దక్షిణ అమెరికా జాతులను కలిపి, ఎర్రని రేకు మధ్య తెల్లచార ఉండే కొత్త మొక్కను సాధించాడు. అమరిల్లిస్ సంకరాల్లో మొదటిదిగా చెప్పే ఆ మొక్కను జాన్సన్ పేరుతోనే పిలుస్తారు. ఇన్నేళ్ళయినా దాన్ని తోటల్లో పెంచుతూనే ఉన్నారు. అతనికి జన్యువుల సంగతి తెలియదు. మెండెల్ అప్పటికింకా పుట్టనైనా లేదు.

నాలుగైదు వారాలకు కాయ పసుపుబారి మూడు చెక్కలుగా పగులుతుంది. లోపల నల్లని, కాగితంలా పలచని విత్తనాలు దొంతరలుగా ఉంటాయి. గాలికి ఎగిరిపోకముందే ఏరుకోండి. నిలవ ఉంచకుండా వెంటనే చల్లండి, లేదా గిన్నెలో నీళ్ళ మీద తేలవేయండి. రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. వేరు కనిపించగానే ఇసుకమట్టిలోకి మార్చండి.

ఈ పిల్లమొక్కలకు డిసెంబరు విశ్రాంతి ఇవ్వకండి. పూమొగ్గలను దాచుకునే వయసు వాటికింకా రాలేదు కాబట్టి నీళ్ళు ఆపితే పెరుగుదల వెనకబడడం తప్ప లాభం ఉండదు. ఏడాది పొడుగునా పచ్చగా ఉంచితే సుమారు మూడేళ్ళకు మొదటి కాడ వస్తుంది. ఎనిమిదో తరగతిలో చల్లిన విత్తనం మీరు పదో తరగతి పరీక్షలు ముగించే వేళకు పూయవచ్చు. ఏ రెండు మొక్కల పూలూ అచ్చంగా ఒకేలా ఉండవు కనుక ప్రతి కుండీకి ఒక అంకె వేసి, తల్లి ఏదో, పుప్పొడి ఏ పువ్వుదో ఇప్పుడే రాసి పెట్టుకోండి.